తెల్లవారుజామున అత్తయ్యకు మాత్రమే వచ్చే గ్యాస్ వాసన

ఖమ్మం జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం మొత్తం ఇవ్వడానికి చోటు లేదు కాబట్టి సారాంశం చెబుతాను.

ఆవిడ వయసు 41. పద్నాలుగేళ్ళు పుణెలో ఉన్నారు. మామగారు పోయాక అత్తగారిని ఒంటరిగా వదలలేక కిందటేడు భార్యాభర్తలిద్దరూ సొంతూరికి వచ్చేశారు. పాత వంటగదిని పడగొట్టించి మాడ్యులర్ కిచెన్ చేయించారు. ఖర్చంతా ఆవిడ ఉద్యోగంలో దాచుకున్న సొమ్మే. పుణెలో వాడిన నాలుగు బర్నర్ల గ్లాసు హాబ్‌ను భద్రంగా తెచ్చుకుని కొత్త గ్రానైటు గట్టులో బిగించారు. అక్కడ పైపు గ్యాస్ ఉండేది. ఇక్కడ ఆ వీధికి పైపు ఇంకా రాలేదు కాబట్టి గ్యాస్ బండే (సిలిండరే) వాడుతున్నారు. బండ కంటికి కనిపించకూడదని గట్టు కింద తలుపులున్న అర చేయించారు. వడ్రంగి పక్క పలకకు రంధ్రం చేస్తే అందులోంచి రబ్బరు గొట్టం లాగి హాబ్‌కు కలిపారు.

మొదటి రోజు నుంచీ మంట పసుపు రంగులోనే ఉంది. గిన్నెల అడుగున మసి పడుతోంది. పెద్ద బర్నర్ వెలిగిస్తే మంట గిన్నె అంచు దాటి పైకి లేస్తోంది. చిన్న బర్నర్ మాత్రం నాబ్ మీద చేయి తీయగానే ఆరిపోతోంది. భర్త బర్నర్ల కింద గ్యాస్ వచ్చే జెట్లను పిన్నీసుతో శుభ్రం చేశారు, మంట ఇంకా పెరిగింది. ఒక మెకానిక్ వచ్చి గ్యాస్‌లో కల్తీ ఉందన్నాడు. ఇంకొకతను హోటళ్ళలో వాడే పెద్ద రెగ్యులేటర్ పెడితే సరిపోతుందన్నాడు. ఈమధ్య వంట చేసినంతసేపూ ఆవిడకు తలనొప్పిగా ఉంటోంది.

అసలు బాధ వేరే ఉంది. అత్తగారికి 72 ఏళ్ళు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వంటగదిలోకి వెళ్ళగానే గ్యాస్ వాసన వస్తోందంటారు. ఆరింటికి మిగతావాళ్ళు వెళ్ళి చూస్తే ఏ వాసనా ఉండదు. 'అమ్మకు కొత్త పొయ్యి నచ్చలేదు, అందుకే ఈ సాకులు' అంటారు భర్త. పది రోజుల కిందట అత్తగారు అదనపు బండను వెనక వరండాలో పెట్టించుకుని, పాత రెండు బర్నర్ల స్టవ్ మీద తన వంట తాను చేసుకోవడం మొదలుపెట్టారు. "చూసేవాళ్ళంతా నేనే వేరు కాపురం పెట్టించానని అనుకుంటున్నారు. నేను ఆశపడి కట్టుకున్న వంటగదిలో ఆవిడ వంట చేయడం లేదు. హాబ్ పీకేసి పాత స్టవ్ పెట్టేయాలా? ఆవిడకే ఎలాగైనా నచ్చజెప్పాలా?" అని అడిగారు.

అమ్మా,

ముందు ఒక పని చేసి రండి, తర్వాత మిగతాది చదవవచ్చు. కిటికీలు, వెనక తలుపు తీయండి. గట్టు కింది అర తలుపులు తెరిచి రెగ్యులేటర్ ఆపండి. దాన్ని బండ నుంచి విడదీసి, బండకు ప్లాస్టిక్ మూత గట్టిగా పెట్టి, నిలువుగానే బయటికి, గాలి ఆడే చోటికి చేర్పించండి. అర తెరవగానే వాసన గుప్పున కొడితే ఏ స్విచ్చీ వేయవద్దు, వేసి ఉన్నదాన్ని ఆపనూ వద్దు. రెండింటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. ఇంట్లోవాళ్ళందరినీ బయటికి తీసుకువెళ్ళి, అక్కడి నుంచి 1906కు ఫోను చేయండి. అది గ్యాస్ లీకుల కోసమే ఉన్న నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇంత తొందర ఎందుకు పెడుతున్నానంటే, మీ అత్తయ్యగారు చెబుతున్నది అక్షరాలా నిజమని నా నమ్మకం.

నేను ఇరవై ఏళ్ళకు పైగా గ్యాస్ ఫిర్యాదులు వినే ఉద్యోగం చేశాను. 'వాసన వస్తోంది, పోతోంది' అన్న మాట విన్నప్పుడల్లా నేను మొదట అడిగేది ఒకటే. ఆ ఇంట్లో పొద్దున్నే వంటగది తలుపు తీసేది ఎవరు? మీ ఇంట్లో జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రాత్రి పది గంటలకు వంటగది కిటికీలు వేసేస్తారు. నాలుగున్నరకు మీ అత్తయ్యగారు లోపలికి వెళ్తారు. ఆవిడ చేసే మొదటి పని వెనక తలుపు బార్లా తీయడమని మూడో పేజీలో మీరే రాశారు. బండలోని గ్యాస్ గాలికన్నా దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా కిందికి దిగి నేల మీద, అరల అడుగున నిలుస్తుంది. సన్నటి లీకు కూడా ఆరేడు గంటలు మూసిన అరలో పోగుపడితే, మొదట అడుగుపెట్టిన మనిషి ముక్కుకు తగులుతుంది. ఆవిడ తలుపు తీశాక గంటన్నరలో అది వరండా వైపు జారిపోతుంది. ఆరింటికి మీరు వెళ్ళేసరికి ఇక ఏముంటుంది? మీకు వాసన రానంత మాత్రాన ఆవిడది భ్రమ కాదు. మీ కోసం గది శుభ్రపడేలా తలుపు తీస్తున్నది ఆవిడే.

ఈ గ్యాస్‌కు సొంత వాసన ఉండదు. లీకైతే మనిషికి తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. ఆ హెచ్చరిక రోజూ మీ ఇంట్లో ఒకరి ముక్కుకు అందుతోంది. నాలుగో పేజీలో మాటవరసకు రాసిన ఇంకో వాక్యం నన్ను నిజంగా కలవరపెట్టింది. పూజ గూడు కూడా వంటగదిలోనే ఉందన్నారు. ఆవిడ స్నానం చేసి అక్కడే దీపం పెడతారు. ఇక ఫ్రిజ్ ఉంది. దాని మోటారు నేలకు దగ్గరగా, ఎవరూ ముట్టుకోకుండానే దానంతట అదే మొదలవుతుంది. లీకు ఎక్కడో తేలేదాకా దీపాన్ని ముందు గదిలో పెట్టుకోమని ఆవిడను బతిమాలండి. కారణం చెబితే కాదనరు. వాసన సంగతి ముందు చెప్పిందే ఆవిడ కదా.

ఇప్పుడు లీకు పట్టుకోవడం గురించి. దీనికి అగ్గిపుల్ల వద్దు, లైటరు వద్దు. గిన్నెలు తోమే సబ్బును కొన్ని నీళ్ళలో చిక్కగా గిలకొట్టండి. బండను బయట పెట్టాక వాసన పూర్తిగా పోయిందని నిర్ధారించుకుని, పగటిపూట, తలుపులన్నీ తీసి, మళ్ళీ రెగ్యులేటర్ బిగించి తెరవండి. హాబ్ నాబ్‌లన్నీ ఆపే ఉండాలి. నురగను ముందు రెగ్యులేటర్ బండ మీద కూర్చునే చోట పూయండి. తర్వాత రెగ్యులేటర్‌కు గొట్టం తగిలే చోట, గొట్టం పొడవునా, చివర హాబ్ కింద గొట్టం కలిసే చోట పూయండి. ఒక్కోచోట ఒక నిమిషం కదలకుండా చూడాలి. పెద్ద లీకైతే నురగ బుసబుసమంటుంది. మీ ఇంట్లో అలా ఉండదని నా అంచనా. ఒకసారి ఒక ఇంట్లో చూశాను, నురగ మీద కందిగింజంత బుడగ ఒకటి నెమ్మదిగా ఉబ్బి, పగిలి, మళ్ళీ అదే చోట ఇంకొకటి లేచింది. రెండు బుడగల మధ్య పది లెక్కపెట్టేంత వ్యవధి ఉంది. నలుగురం చుట్టూ నిలబడినా ఎవరికీ వాసన రాలేదు. అంత చిన్న లీకే మూసిన గదిలో తెల్లవారేసరికి పెద్దదవుతుంది.

బుడగ రెగ్యులేటర్ కూర్చునే చోట వస్తే, బండ నోట్లో ఉండే చిన్న నల్ల రబ్బరు రింగు అరిగిందో, చిట్లిందో అయి ఉంటుంది. మీ గ్యాస్ పంపిణీదారు మనిషి వచ్చి నిమిషాల్లో మార్చేస్తాడు. రెగ్యులేటర్ తీసేసినా బండ నోట్లో బుడగలు వస్తుంటే వాల్వే చెడింది. మూత పెట్టి, బయటే ఉంచి, బండ మార్చమని చెప్పండి. హాబ్ కింద వస్తే కంపెనీ సర్వీసు మనిషి పని. నాకు ఎక్కువ అనుమానం ఉన్నది మాత్రం గొట్టం మీద. ప్లైవుడ్‌కు రంపం పెట్టి చేసిన రంధ్రం అంచు ఎంత గరుకుగా ఉంటుందో వేలితో తడిమితే తెలుస్తుంది. అర తలుపు వేసినప్పుడల్లా గొట్టం ఆ అంచుకు రాసుకుంటుంది. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా గొట్టమే వాడాలి. దాని మీద తేదీ అచ్చేసి ఉంటుంది, అయిదేళ్ళకోసారి మార్చాలి. పొడవు మీటరున్నరకు మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, గోడలోంచో పలకలోంచో దూర్చకూడదు. మీ గొట్టం కొత్తదే అయినా ఆ రంధ్రంలోంచి లాగింది కాబట్టి మార్చేయండి.

గొట్టం కన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. పాత వంటగదిలో రోజూ రాత్రి మీ అత్తయ్యగారు వంగి రెగ్యులేటర్ ఆపేవారని రాశారు. కొత్త అరలో బండ వెనక్కి ఉంది, ముందు బుట్టలున్నాయి, చేయి అందదు. అందుకని ఇప్పుడు ఎవరూ ఆపడం లేదు. పాత పద్ధతిలో లీకు ఉన్నా రాత్రంతా గ్యాస్ గొట్టంలోకే వచ్చేది కాదు. అందంగా కనిపించాలని చేసిన మార్పు ఆ ఇంటికి ఉన్న పాత కాపలాను తీసేసింది. ఇది మీ తప్పని నేను అనను. పుణెలో మీరు బండ వాడలేదు. పైపులో వచ్చే సహజవాయువు గాలికన్నా తేలిక, లీకైతే పైకప్పు వైపు లేచి పై కిటికీలోంచి పోతుంది. పద్నాలుగేళ్ళు అలవాటైన కంటికి గట్టు కింది అర ప్రమాదంగా కనిపించదు. ఆ వడ్రంగికి తెలిసి ఉండాల్సింది.

మరి బండ ఎక్కడ పెట్టాలి? మీ ఇంటి పటం గీసి పంపారు కాబట్టి కాస్త ధైర్యంగా చెప్పగలను. అన్నిటికన్నా సులువు, ఆ అర తలుపులు, అడ్డు పలక ఊడదీసి, బండను ముందుకు జరిపి పెట్టడం. ఖర్చు దాదాపు ఉండదు, రెగ్యులేటర్ చేతికి అందుతుంది. మీరు మోజుపడి చేయించుకున్న ఆ వరసలో ఒక ఖాళీ కనిపిస్తుంది, రోజూ కంటికి గుచ్చుకుంటుంది. తలుపులు ఉంచుకునే తీరాలనుకుంటే, నేలకు ఆనుకుని జాలీ ఉన్న తలుపులు పెట్టించి, అర అడుగు నుంచి బయటి గోడకు గాలి మార్గం తీయించాలి. ఇది మధ్యేమార్గం. ఆ జాలీకి అడ్డంగా బియ్యం డబ్బా పెట్టిన రోజున మళ్ళీ మొదటికొస్తుంది. పండగ సామాన్లు వచ్చినప్పుడు అలా పెట్టరని నేను నమ్మలేను. మూడోది, బండను వెనక వరండాలో పెట్టి, గోడలోంచి రాగి గొట్టం వేయించి, హాబ్ దగ్గర ఆపుకునే వాల్వు పెట్టించడం. వంటగదిలో బండే ఉండదు, మీ అరలు మీకుంటాయి. ఈ పని పంపిణీదారు ఒప్పుకున్న మనిషి చేతే చేయించాలి, ప్లంబరుతో కాదు. డబ్బు అన్నిటికన్నా ఎక్కువవుతుంది. వరండాలో బండ పెట్టే చోట ఎండ నేరుగా పడకూడదు, దగ్గర్లో తూము గానీ గుంట గానీ ఉండకూడదు. గ్యాస్ వాటిలోకి దిగి నిలుస్తుంది. మీ ఇంటికి నేనైతే ఈ మూడోదానికే మొగ్గుతాను. డబ్బు సర్దుబాటు అయ్యేదాకా మొదటి పద్ధతిలో నడపండి.

ఇక మంట సంగతి. దీనికీ వాసనకూ సంబంధం లేదు. మీరు రెండు కష్టాలనూ ఒకే మూటలో కట్టారు, అందుకే చిక్కు విడలేదు.

మీ హాబ్‌లో చెడు లేదు. గ్యాస్‌లో కల్తీ కూడా ఉండి ఉండదు. హాబ్ లోపల ప్రతి బర్నర్ కింద ఇత్తడి జెట్ ఉంటుంది, దాని మధ్య సన్నటి రంధ్రం. పుణెలో మీ ఇంటికి వచ్చిన పైపు గ్యాస్ సుమారు 21 మిల్లీబార్ ఒత్తిడితో వస్తుంది. బండ రెగ్యులేటర్ ఇచ్చేది సుమారు 30. పైగా ఒకే ఘనపరిమాణం తీసుకుంటే బండ గ్యాస్ ఇచ్చే వేడి పైపు గ్యాస్ కన్నా దాదాపు రెండున్నర రెట్లు, దానికి కావలసిన గాలి కూడా అంతే ఎక్కువ. అందుకని పైపు గ్యాస్‌కు పెద్ద రంధ్రమున్న జెట్లు, బండకు చిన్న రంధ్రమున్నవి వాడతారు. మీరు పెద్ద రంధ్రంలోంచి బండ గ్యాస్ వదులుతున్నారు. వచ్చే గ్యాస్‌కు గాలి చాలక సగమే కాలుతుంది. పసుపు మంట, మసి, గిన్నె అంచు దాటి ఎగిసే నాలుకలు అన్నీ అందువల్లే. మీ తలనొప్పిని నేను తేలిగ్గా తీసుకోను. సగం కాలిన గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు. జెట్లు మార్చేదాకా ఆ హాబ్‌ను ఒక్కసారి కూడా వెలిగించకండి. వాడకం ఆపాక కూడా తలనొప్పి ఉంటే డాక్టరుకు చూపించుకోండి.

మీవారు పిన్నీసు గుచ్చడం వల్ల మంట ఎందుకు పెరిగిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇత్తడి మెత్తని లోహం, ఉక్కు మొన తగిలితే రంధ్రం ఇంకా వెడల్పవుతుంది. ఆయన ఉద్దేశం మంచిదే, ఆ జెట్లు మాత్రం ఇక పైపు గ్యాస్‌కు కూడా నమ్మదగినవి కావు. పెద్ద రెగ్యులేటర్ సలహా ఇచ్చినతణ్ణి మళ్ళీ పిలవకండి. ఎక్కువైన గ్యాస్‌కు ఇంకా ఒత్తిడి పెంచడం వైద్యం కాదు. ఇంటి పొయ్యికి పంపిణీదారు ఇచ్చే రెగ్యులేటర్ తప్ప ఇంకేదీ వాడకూడదు.

హాబ్ విషయంలో మీ ముందు ఉన్న దారులు ఇవి. కంపెనీ సర్వీసుకు ఫోను చేసి, 'పైపు గ్యాస్ నుంచి బండకు మార్చాలి' అని సరిగ్గా ఈ మాటతో చెప్పండి. 'మంట సరిగా లేదు' అంటే ఎవరో వచ్చి బర్నర్లు తుడిచి వెళ్ళిపోతారు. నాలుగు జెట్లూ మార్చడమే కాదు, సిమ్‌లో మంట ఎంత ఉండాలో నిర్ణయించే మరలు కూడా సరిచేయాలి. పని అయ్యాక నాలుగు బర్నర్లూ వెలిగించి చూపించమనండి. మంట నీలంగా, బర్నర్‌ను అంటిపెట్టుకుని, పెద్దగా చప్పుడు లేకుండా ఉండాలి. పాత మోడల్ కాబట్టి జెట్లు దొరకవని అంటే, రంధ్రం సగం పూడ్చి ఇస్తామనే దుకాణాలకు వెళ్ళవద్దు. ఆ హాబ్‌ను తుడిచి పెట్టెలో దాచుకోండి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో కొన్ని ప్రాంతాలకు పైపు గ్యాస్ వచ్చింది. మీ వీధికి వచ్చిన రోజున కొత్త జెట్లు దొరికితే పనికొస్తుంది. గట్టులో చేసిన కోత కొలతకు సరిపడే, బండకోసమే చేసిన హాబ్ కొనుక్కోవచ్చు. డబ్బు మళ్ళీ పెట్టాలి, అదే దాని నష్టం. లేదా ఆ కోత మీద గ్రానైటు ముక్క కప్పించి మామూలు స్టవ్ పెట్టుకోవచ్చు. ఇదేమీ ఓటమి కాదు. మీరు ఏది ఎంచుకున్నా నీలి మంటే కదా కావలసింది.

చిన్న బర్నర్ ఆరిపోవడం వేరే సంగతి. మంట ఆరితే గ్యాస్‌ను ఆపేసే రక్షణ ఏర్పాటు అందులో ఉంది. బర్నర్ పక్కన నిలబడి ఉండే సన్నటి లోహపు పుల్ల వేడెక్కితేనే గ్యాస్ వస్తూ ఉంటుంది. వెలిగించాక నాబ్‌ను అయిదు నుంచి పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. పుల్ల మీద పాలు పొంగి మాడినా, మసి పట్టినా వేడి అందదు. మెత్తని గుడ్డతో తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. ఆ ఏర్పాటును తీసేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇక్కడ ఒక మాట. మీ అత్తయ్యగారి వేళ్ళకు కీళ్ళవాతం ఉందని రాశారు. అంత బిగువైన నాబ్‌ను పది సెకన్లు నొక్కి పట్టడం ఆవిడకు ఎంత కష్టమో ఆలోచించారా? నాలుగున్నరకు, చీకట్లో, వాసన వస్తున్న గదిలో, నొప్పి పెట్టే వేళ్ళతో నొక్కితే వెలిగి, వదిలితే ఆరిపోయే పొయ్యి ముందు ఆవిడ ఎన్ని రోజులు నిలబడి ఉంటారు? అది ఎవరితోనూ అనలేక పాత స్టవ్ దగ్గరికి వెళ్ళిపోయారు. మీకు అది అలకగా కనిపించింది. నేను చదివినంతలో అందులో మీ మీద కోపం ఒక్క వాక్యంలో కూడా లేదు. వరండాలో వండుకుంటూ మీ పిల్లవాడికి రోజూ పెరుగన్నం కలిపి పంపుతున్నారని కూడా మీరే రాశారు.

అందుకని నచ్చజెప్పాల్సింది ఆవిడకు కాదు. మీవారితో ఒకసారి కూర్చుని, అమ్మ చెప్పింది సాకు కాదని, ఎందుకు కాదో వివరించండి. ఎవరి తప్పు ఎంత అన్న లెక్కలోకి దిగవద్దు, దిగితే పిన్నీసు దగ్గర నుంచి వడ్రంగి దాకా అందరికీ వాటా వస్తుంది. సబ్బు నురగ పరీక్ష ఆయన చేత చేయించి, పక్కన వాళ్ళమ్మను కూర్చోబెట్టండి. బుడగ లేచినప్పుడు ఆయనే చూస్తారు, ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. బుడగ కనపడకపోయినా ఆవిడ మాట కొట్టేయకండి, పంపిణీదారు మెకానిక్‌ను పిలిపించండి.

హాబ్ ఆపేసిన ఈ కొద్ది రోజులూ మీ అందరికీ ఆవిడ పొయ్యే ఆధారం. వరండాకు మీరు వెళ్ళండి. ఆవిడ స్టవ్‌ను నేల మీద పెట్టి వండుతున్నట్టయితే ముందు ఒక గట్టి బల్ల వేయించండి, పొయ్యి ఎప్పుడూ బండ కన్నా ఎత్తులో ఉండాలి. గొట్టం తేదీ కూడా చూడండి, పాత స్టవ్ అన్నారు కాబట్టి గొట్టం కూడా పాతదే అయి ఉంటుంది. హాబ్ బాగయ్యాక ఆ రెండు బర్నర్ల స్టవ్‌ను తీసేయాలని పట్టు పట్టకండి. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు ఉంటే వేరు కాపురం అయిపోదు. తెల్లవారుజామున కాఫీకి ఆవిడ వేళ్ళకు అలవాటైన నాబ్ ఉండటం మంచిదే.

రాగి గొట్టం వేసే మనిషి వచ్చిన రోజున బండ ఎక్కడ నిలబెట్టాలో గోడ మీద గుర్తు పెడతాడు. ఆ గుర్తు పెట్టేముందు మీ అత్తయ్యగారిని పిలవండి. పడుకోబోయే ముందు రెగ్యులేటర్ ఆపేది ఆవిడే కాబట్టి, పెద్దగా వంగకుండా అక్కడికి చేయి అందుతుందో లేదో ఆవిడే చూసి చెప్పాలి. అందకపోతే గుర్తు జరిపించండి.